ఎడారిలో వెలుతురు వేట

ఎర్రటి కొండలు, నిప్పుకణికల్లా మెరిసే రాతి స్తంభాలు, పైనుంచి వెలుగు ధార కట్టే ఇరుకు లోయలు... అమెరికా నైరుతి ఎడారి కెమెరా చేతిలో ఉన్నవాళ్లకి పెద్ద పండగే. ఆ పండగ చేసుకోవాలంటే కారు ఎక్కేముందే వెలుతురు లెక్క ఒకటి వేసుకోవాలి. ఆ లెక్క తప్పితే పోయేది ఫొటో ఒక్కటే కాదు!

వేసవి వచ్చిందంటే చాలు, అమెరికాలోని తెలుగువాళ్ల ఇళ్లలో ఒకటే చర్చ. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తారు. పిల్లలకి బడి ఉండదు. ఎక్కడికి తీసుకెళ్లాలి? ముందుగా వినిపించే పేరు గ్రాండ్ కాన్యన్. అంతదూరం వెళ్లాక పక్కనే ఉన్న యాంటిలోప్ కాన్యన్ చూడకపోతే ఎలా అంటారొకరు. మాన్యుమెంట్ వ్యాలీ కూడా దగ్గరే కదా అంటారు ఇంకొకరు. అలా అలా జాబితా పెరిగి ఐదు రోజుల్లో పది చోట్లు అవుతుంది. రోజుకి ఏడెనిమిది గంటలు కారులోనే. తీరా ఇంటికొచ్చి చూసుకుంటే వందలకొద్దీ ఫొటోలు ఉంటాయి. అన్నీ మిట్టమధ్యాహ్నం తీసినవే. ఎర్రగా కనపడాల్సిన కొండ వెలిసిపోయి ఉంటుంది. అమ్మ కళ్ల కింద నల్లటి నీడలు. నాన్న చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని ఉంటారు.

ఇందులో కెమెరా తప్పేమీ లేదు. ఏ చోటికి ఏ వేళ వెళ్లాలో చూసుకోకుండా బయల్దేరడమే తప్పు.

ఎండే రంగులు వేస్తుంది

యూటా, అరిజోనా, కొలరాడో, న్యూమెక్సికో... ఈ నాలుగు రాష్ట్రాలు కలిసే చోట పరచుకుని ఉంటుంది కొలరాడో పీఠభూమి. అక్కడి ఇసుకరాయిలో ఇనుము ఎక్కువ. అది తుప్పు పట్టినట్టుగా మారడం వల్లే కొండలకి ఆ ఎరుపు. అయితే రాయిలో ఉన్న రంగు బయటికి కనపడాలంటే వెలుతురు ఏటవాలుగా పడాలి. పొద్దుపొడిచిన తొలి గంట, పొద్దుగుంకే ముందు గంట అలాంటివి. అప్పుడు కాంతిలోనే బంగారపు ఛాయ ఉంటుంది. నీడలు పొడుగ్గా సాగి ప్రతి పగులూ, ప్రతి మడతా తేలి కనిపిస్తాయి. సూర్యుడు నడినెత్తికొచ్చాక అవే కొండలు గోడకి అంటించిన కాగితాల్లా చదునుగా మారిపోతాయి.

అంటే రోజు మొత్తమ్మీద ఫొటోగ్రాఫర్‌కి దక్కేది రెండు మూడు గంటలే. మిగతా సమయం ప్రయాణానికి, భోజనానికి, కునుకుకి. ప్రణాళిక అంతా ఈ రెండు మూడు గంటల చుట్టూ అల్లుకోవాలి. ఉదయం ఫొటో ఎక్కడ తీస్తామో అక్కడే ముందురోజు రాత్రి బస చేయాలి. సాయంత్రం ఫొటో తీసిన చోటు నుంచి ఆ రాత్రి బసకి అరగంటకి మించి దూరం ఉండకూడదు. ఎందుకంటే చీకటి పడ్డాక అక్కడి రోడ్ల మీద జింకలు, దుప్పుల్లాంటి పెద్ద ఎల్క్‌లు, కంచెల్లేని చోట పశువులు అడ్డమొస్తాయి. వంద కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారుకి అవి కనపడేసరికే ఆలస్యమైపోతుంది.

ఎనిమిది రోజులు... ఐదే చోట్లు

లాస్‌వేగాస్‌లో కారు అద్దెకి తీసుకుని మళ్లీ అక్కడికే చేరుకునేలా వేసుకునే చుట్టు అందరికీ తెలిసిందే. జయాన్, బ్రైస్ కాన్యన్, పేజ్ పట్టణం, మాన్యుమెంట్ వ్యాలీ, గ్రాండ్ కాన్యన్. మొత్తం సుమారు 1,600 కిలోమీటర్లు. దీనికి ఎనిమిది రోజులు పెట్టుకుంటే వెలుతురుతో పాటు మనుషులకీ న్యాయం జరుగుతుంది.

మొదటిరోజు లాస్‌వేగాస్ నుంచి జయాన్‌కి 260 కిలోమీటర్లు. సాయంత్రం వర్జిన్ నది ఒడ్డు నుంచి చూస్తే వాచ్‌మన్ శిఖరం ఎర్రబడుతూ కనిపిస్తుంది. ఇక్కడ లోయ గోడలు చాలా ఎత్తు. అందుకే ఎండ లోపలికి ఆలస్యంగా దిగుతుంది, తొందరగా పోతుంది. ఒక గోడకి ఎండ తగిలి ఆ ఎరుపు ఎదుటి గోడ మీద పడే వేళ చూసుకోవాలి. నేరుగా ఎండ పడిన చోటు కన్నా ఆ నీడ పట్టునే రంగు బాగుంటుంది.

రెండోరోజు సాయంత్రానికి బ్రైస్ చేరుకుంటే మూడోరోజు తెల్లవారుజాము చేతికొస్తుంది. బ్రైస్‌కి ఉదయమే వెళ్లాలి. వేల సంఖ్యలో నిలబడిన హూడూలు అనే రాతి స్తంభాల గిన్నె తూర్పు ముఖంగా ఉంటుంది మరి. తొలి కిరణం తగలగానే లోపల దీపం పెట్టినట్టు వెలుగుతాయవి. ఆ స్తంభాలను చెక్కింది మంచు. ఏడాదిలో దాదాపు సగం రోజులు అక్కడ రాత్రి నీళ్లు గడ్డకట్టి పగలు కరుగుతాయి. పగుళ్లలో చేరిన నీరు గడ్డకట్టి ఉబ్బి రాయిని చీలుస్తుంది. ఎడారి కదాని పల్చటి చొక్కాలతో వెళితే 2,400 మీటర్ల ఎత్తులో వేకువన వణికిపోవడం ఖాయం. చలికి కెమెరా బ్యాటరీ కూడా తొందరగా దిగిపోతుంది. అందుకని అదనపు బ్యాటరీ జేబులో, ఒంటికి తగిలేలా పెట్టుకోవాలి.

నాలుగోరోజు పేజ్. మధ్యాహ్నం ఎండని కూడా వాడుకునే అవకాశం ఇక్కడ ఉంది. ఊరి పక్కన కొలరాడో నది గుర్రపు నాడా ఆకారంలో మలుపు తిరుగుతుంది. అదే హార్స్‌షూ బెండ్. 300 మీటర్ల లోతున పచ్చటి నీళ్లు. సాయంత్రం ఇక్కడ సూర్యుడు కెమెరాకి ఎదురుగా ఉంటాడు, నది నీడలో మునిగిపోతుంది. ఉదయం తొమ్మిది దాటాక వెళితే నీడలు తగ్గి మలుపంతా కనిపిస్తుంది. అక్కణ్నుంచి మధ్యాహ్నానికి యాంటిలోప్ కాన్యన్. నీళ్లు ఇసుకరాయిని కోసుకుంటూ వెళ్లగా మిగిలిన ఇరుకు సందు అది. ఎగువ యాంటిలోప్‌లో మార్చి చివరి నుంచి అక్టోబరు మొదటి రోజుల దాకా, సూర్యుడు నెత్తిమీద ఉన్నప్పుడే పైకప్పు చీలికలోంచి వెలుగు స్తంభం నేల దాకా దిగుతుంది. ఈ సందులో తీసిన ఒక చిత్రం 2014లో 65 లక్షల డాలర్లకు అమ్ముడైందని దాన్ని తీసిన పీటర్ లిక్ తరఫున ప్రకటించారు.

ఐదోరోజు 200 కిలోమీటర్ల దూరంలోని మాన్యుమెంట్ వ్యాలీకి. అరిజోనా, యూటా సరిహద్దులో చదునైన నేల మీద ఎవరో తెచ్చి నిలబెట్టినట్టుండే మూడు రాతి కొండలు. జాన్ ఫోర్డ్ 1939లో తీసిన ‘స్టేజ్‌కోచ్’ సినిమాతో ప్రపంచానికి తెలిసిన చోటిది. సందర్శకుల కేంద్రం దగ్గర నిలబడితే ఆ కొండలు తూర్పు వైపున ఉంటాయి. అందుకే సాయంత్రం వాటి ముఖం ఎర్రగా వెలుగుతుంది. ఉదయం మాత్రం వెనకనుంచి సూర్యుడు లేచి, అవే కొండలు నల్లటి బొమ్మల్లా కనిపిస్తాయి. రెండూ కావాలంటే ఒక రాత్రి అక్కడ ఉండాల్సిందే. లోయలోకి వెళ్లే 27 కిలోమీటర్ల చుట్టు రోడ్డు మట్టిదారి. అద్దె కారు కాగితాల్లో మట్టిరోడ్లకి అనుమతి ఉందో లేదో ముందే చదువుకోవాలి.

చివరి మజిలీ గ్రాండ్ కాన్యన్. మన గండికోటని భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అంటారు కదా. పెన్నా చేసిన పనినే అక్కడ కొలరాడో నది 446 కిలోమీటర్ల పొడవునా చేసింది. లోతు సుమారు 1.6 కిలోమీటర్లు. అట్టడుగున ఉన్న రాళ్ల వయసు 180 కోట్ల ఏళ్లు! ఇంత పెద్దదాన్ని ఒక్క ఫొటోలో పట్టాలని చూడటమే చాలామంది చేసే పొరపాటు. అంచున ఒక చెట్టునో, ఒక మనిషినో చూపిస్తేనే ఆ లోతు అర్థమవుతుంది. ఆరోరోజు సాయంత్రం డెజర్ట్ వ్యూ దగ్గర, ఏడోరోజు పొద్దున మాదర్ పాయింట్‌లో, సాయంత్రం హోపీ పాయింట్‌లో. హోపీ పాయింట్‌కి మార్చి నుంచి నవంబరు దాకా సొంత కార్లని వదలరు. పార్కు బస్సులోనే వెళ్లాలి. ఉత్తరపు అంచు సంగతి విడిగా కనుక్కోవాలి. 2025 జులైలో వచ్చిన కార్చిచ్చు అక్కడి చారిత్రక లాడ్జిని బూడిద చేసింది.

మరి ఆర్చెస్ పార్కు? న్యూమెక్సికోలోని తెల్లటి జిప్సం దిబ్బలు, వైట్ శాండ్స్? టుసాన్ దగ్గరి సగ్వారో జెముళ్లు? అన్నీ చూడదగ్గవే. వాటిని మరో ప్రయాణానికి దాచుకోవాలి. ఈ చుట్టులోకి వాటినీ లాగితే పోయేవి ఆ రెండు మూడు బంగారు గంటలే.

ఇంతకీ టైమెంత?

ఈ దారిలో గడియారం కూడా ఆటలాడుతుంది. మార్చి నుంచి నవంబరు దాకా అమెరికాలో చాలా రాష్ట్రాలు గడియారాన్ని గంట ముందుకి జరుపుతాయి. అరిజోనా జరపదు. అదే అరిజోనాలో ఉన్న నవాహో తెగ భూభాగం మాత్రం జరుపుతుంది. ఆ నవాహో భూభాగం మధ్యలో ఉన్న హోపీ తెగ ప్రాంతం మళ్లీ జరపదు! పేజ్ నుంచి మాన్యుమెంట్ వ్యాలీకి వెళ్తుంటే ఫోన్‌లో గంట దానంతటదే మారిపోతుంది. సరిహద్దు దగ్గర ఏ టవరు దొరికితే ఆ టైమే చూపిస్తుంది కూడా. యాంటిలోప్ కాన్యన్ టికెట్లు మాత్రం పేజ్ సమయం ప్రకారమే. నెలల ముందు కొనుక్కున్న టికెట్టు గంట తేడాతో పోగొట్టుకోకూడదంటే చేతికి మామూలు వాచీ ఒకటి పెట్టుకోవడం మంచిది.

సూర్యోదయం లెక్కా అంతే. గ్రాండ్ కాన్యన్ దగ్గర జూన్ చివర్లో ఐదుంపావుకే పొద్దుపొడుస్తుంది. అక్టోబరు మధ్యలో అయితే ఆరున్నరకి. కనీసం నలభై నిమిషాల ముందు అక్కడ ఉండాలి. పెద్దవాళ్లని మూడున్నరకి లేపడం కన్నా ఆరున్నర సూర్యోదయం ఉన్న నెలలో వెళ్లడం నయం కదా.

ఆకాశం నీలంగా ఉన్నా...

1997 ఆగస్టు 12. దిగువ యాంటిలోప్ కాన్యన్‌లోకి కొందరు సందర్శకులు దిగారు. అక్కడ చెప్పుకోదగ్గ వానేమీ లేదు. కానీ ఎగువన కొన్ని కిలోమీటర్ల దూరంలో కుండపోత కురిసింది. ఆ నీరంతా ఒక్కసారిగా ఇరుకు సందులోకి వచ్చిపడింది. పదకొండు మంది ప్రాణాలు పోయాయి. ఒక్క గైడు బతికి బయటపడ్డాడు. రాతినేల వాన నీటిని పీల్చుకోదు. ఎక్కడో పడింది ఇక్కడికి గోడలా వస్తుంది.

మనకి రుతుపవనాలు ఉన్నట్టే అక్కడా ఉన్నాయి. వాటినీ మాన్సూన్ అనే అంటారు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా ఆ కాలం. సరిగ్గా పిల్లల సెలవులూ, అమ్మానాన్నల రాకా అప్పుడే! మధ్యాహ్నం మబ్బులు పట్టి, మెరుపులు మెరిసి, ఇంద్రధనుస్సు విరిసే ఆ రోజుల్లో ఫొటోలు అద్భుతంగా వస్తాయన్నది నిజమే. అందుకే ఆశ ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువ. ఆ నెలల్లో తప్పదనుకుంటే ఇరుకు లోయల్లోకి దిగేముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూడాలి. చుట్టుపక్కల మొత్తానికీ చూడాలి. గైడు వద్దంటే వాదించకూడదు. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే కారు ఆపేయాలి. అడ్డంగా పెట్టిన కంచె దాటుకుని వెళ్లి నీళ్లలో చిక్కుకుంటే, రక్షించడానికి అయిన ఖర్చు ఆ డ్రైవర్ నుంచే వసూలు చేసే చట్టం అరిజోనాలో ఉంది. జనం దానికి పెట్టుకున్న ముద్దుపేరు ‘తెలివితక్కువ డ్రైవర్ల చట్టం’!

ఇక ఎండ. 2023లో ఫీనిక్స్ నగరంలో వరసగా 31 రోజులు ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటింది. జులైలో గ్రాండ్ కాన్యన్ అంచున 29 డిగ్రీలుంటే అడుగున 41 ఉంటుంది. చల్లగా ఉందని కిందికి దిగడం మొదలుపెట్టినవాళ్లకి తేడా తెలిసేసరికి ఎక్కాల్సిన దారి మిగిలి ఉంటుంది. రెంటచింతల ఎండలు చూసినవాళ్లకి ఇదో లెక్కా అనిపించొచ్చు. కానీ అక్కడి పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియదు, పట్టింది పట్టినట్టు ఆరిపోతుంది. దాహం వేసేదాకా ఆగకుండా తాగుతూ ఉండాలి. మనిషికి రోజుకి నాలుగు లీటర్ల నీళ్లు కారులో ఉండాల్సిందే. పెట్రోలు ట్యాంకు సగానికి వస్తే కనపడిన బంకులో నింపుకోవాలి. సెల్‌ఫోన్ సిగ్నల్ గంటల తరబడి ఉండదు కాబట్టి మ్యాపులు ముందే ఫోన్‌లోకి దించుకోవాలి, ఒక కాగితం మ్యాపు కూడా పెట్టుకోవాలి.

ఏ నెల మంచిది మరి? ఏప్రిల్, మే నెలల్లోనో, సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకానో అయితే ఎండ తగ్గి, వెలుతురు మెత్తగా ఉంటుంది. అమ్మానాన్నల టికెట్లు కొనేముందే ఈ మాట అనుకుంటే సగం ప్రణాళిక అయిపోయినట్టే.

అది వాళ్ల ఇల్లు

మాన్యుమెంట్ వ్యాలీ, యాంటిలోప్ కాన్యన్ నవాహో ప్రజల భూములు. దాదాపు 70 వేల చదరపు కిలోమీటర్ల ఆ భూభాగానికి సొంత ప్రభుత్వం, సొంత నియమాలు ఉన్నాయి. యాంటిలోప్‌లోకి అనుమతి ఉన్న గైడుతోనే వెళ్లాలి. అక్కడి మామూలు టూర్లలో ట్రైపాడ్‌ని రానివ్వరు. దిగువ యాంటిలోప్‌లో నిటారు మెట్లు దిగాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. నవాహో పార్కుల్లోనూ, జాతీయ పార్కుల్లోనూ డ్రోన్లు నిషిద్ధం. మనుషుల్నీ, వాళ్ల ఇళ్లనీ అడక్కుండా ఫొటో తీయడం మర్యాద కాదు. హోపీ గ్రామాల్లో అయితే కెమెరా బయటికే తీయకూడదు. బొమ్మ గీసుకోవడం కూడా ఒప్పుకోరు. మన ఊళ్లో గర్భగుడి ముందు కెమెరా తీస్తే పూజారి చెయ్యి అడ్డం పెడతారు కదా, ఇదీ అలాంటిదే.

కొన్నిచోట్లకి డబ్బున్నా సరిపోదు. అలల్లా మెలికలు తిరిగిన ‘ద వేవ్’ అనే ఎర్రరాతి ప్రదేశానికి రోజుకి 64 మందినే వదులుతారు. 48 మందికి నాలుగు నెలల ముందు, 16 మందికి రెండు రోజుల ముందు లాటరీ తీస్తారు. పేరు వస్తే అదృష్టం, రాకపోతే మిగతా ప్రయాణం పాడవకుండా చూసుకోవాలి. ఖర్చుల్లోనూ ఒక మార్పు వచ్చింది. 2026 జనవరి 1 నుంచి అమెరికా నివాసులు కానివాళ్లకి జాతీయ పార్కుల ఏడాది పాసు 250 డాలర్లు. పాసు లేకపోతే గ్రాండ్ కాన్యన్, జయాన్, బ్రైస్ సహా పదకొండు పార్కుల్లో 16 ఏళ్లు నిండిన ఒక్కొక్కరూ అదనంగా వంద డాలర్లు కట్టాలి. ఊరి నుంచి వచ్చే పెద్దలకి ఏది చవకో ముందే కూడికలు వేసుకోవాలి.

గోడ మీది క్యాలెండర్

రాత్రి ఆకాశం ఈ ప్రయాణంలో దొరికే మరో వరం. గ్రాండ్ కాన్యన్, బ్రైస్, జయాన్ మూడూ చీకటి ఆకాశాన్ని కాపాడుతున్నందుకు అంతర్జాతీయ గుర్తింపు పొందినవే. పాలపుంత కంటికే కనిపిస్తుంది. అయితే వెన్నెల ఉండకూడదు. ఇక్కడ మన ఇంట్లో గోడకి వేలాడే తెలుగు క్యాలెండరే చాలు. అమావాస్యకి అటూ ఇటూ మూడేసి రోజులు నక్షత్రాలకి మంచివి. కొండల పక్కనుంచి చంద్రుడు లేచే ఫొటో కావాలంటే పౌర్ణమి ముందురోజు చూసుకోవాలి. ఆరోజు పొద్దు పూర్తిగా గుంకకముందే చంద్రుడు పైకొస్తాడు. నేల మీద వెలుతురూ ఉంటుంది, ఆకాశంలో చంద్రుడూ ఉంటాడు.

అలాంటి సాయంత్రమే ఒకటి ఫొటోగ్రఫీ చరిత్రలో నిలిచిపోయింది. 1941లో ఆన్సెల్ ఆడమ్స్ న్యూమెక్సికోలో రోజంతా తిరిగి, అనుకున్న ఫొటో ఏదీ కుదరక కారులో వెనక్కి వస్తున్నాడు. రోడ్డు పక్కన హెర్నాండెజ్ అనే చిన్న పల్లె. చర్చి పక్కన సమాధుల మీది తెల్లటి శిలువలకి చివరి ఎండ తగులుతోంది. పైన చంద్రుడు. కారు ఆపి పెద్ద కెమెరా నిలబెట్టేసరికి వెలుతురు కొలిచే మీటరు కనపడలేదు. చంద్రుడి కాంతి ఎంతో ఆయనకి కంఠతా వచ్చు. ఆ అంకెతోనే లెక్కగట్టి ఒక ఫొటో తీశాడు. రెండోదానికి సిద్ధమయ్యేలోగా శిలువల మీద ఎండ పోయింది. ఆ ఒక్కటే ‘మూన్‌రైజ్, హెర్నాండెజ్’. ఎప్పుడు తీశాడో ఆయనకే సరిగ్గా గుర్తులేదు. 1991లో డెనిస్ డిసికో అనే ఖగోళ పరిశీలకుడు చంద్రుడి స్థానాన్ని బట్టి అది నవంబరు 1 సాయంత్రం 4 గంటల 49 నిమిషాలని తేల్చాడు.

ఆయన ఆ రోజు వేసుకున్న ప్రణాళికలో హెర్నాండెజ్ లేదు. కానీ ఆగడానికి తీరిక ఉంది, చేతికి లెక్క వచ్చు. ఇంటిల్లిపాదీ వెళ్లే ప్రయాణంలో కూడా రెండు పూటలు ఏమీ రాసుకోకుండా ఖాళీగా వదిలేయడం అందుకే అవసరం. ఆ ఖాళీలో మబ్బు విడొచ్చు, వాన వెలవొచ్చు. ఏమీ జరక్కపోతే, లోయ అంచున బెంచీ మీద అమ్మ పక్కన నాన్న కూర్చుని ఫ్లాస్కులో టీ పంచుకుంటుంటే సాయంత్రపు ఎండ వాళ్ల ముఖాల మీద పడుతుంది. ఆల్బమ్‌లో ముందుపేజీకి ఎక్కేది ఆ ఫొటోనే!